బడి మానిన కారణం

టొరసే దీవిలో ఉదయం తొమ్మిది గంటలు కావాలంటే ఎఫీ మక్కూయిష్ ఉండాలి. సూర్యుడు తన దారిన తాను వస్తాడు, పోతాడు. అతనికీ బడికీ సంబంధం లేదు.

ఎఫీ బడి ఊడ్చి, పొయ్యి రాజేసి, వెనకాల ఉన్న మిట్ట ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనున్న చిన్న దీవి వాక్సే వైపు చూస్తుంది. టొరసేకీ వాక్సేకీ నడుమ మైలు పొడవు ఇసుక. పాటు వచ్చి నీరు తీస్తే అది దారి. పోటు వస్తే సముద్రం. ఆ ఇసుక మధ్యలో కమ్మరి బండ అని ఒక నల్లటి రాయి ఉంది. దాని భుజం పొడిబారితే దారి తెరుచుకున్నట్టు. కాసేపటికి అవతలి ఒడ్డున అయిదు చుక్కలు కదులుతాయి. అవి వాక్సే పిల్లలు, ఒక్కొక్కరి చంకలో ఒక్కో పీటు పెళ్ల. బాడవలో కోసి ఎండబెట్టిన ఆ నల్లటి మట్టిపెళ్లలే ఆ దీవిలో వంటచెరకు. బడి పొయ్యిలోకి ఎవరొచ్చినా ఒక పెళ్లతో రావాలన్నది రూలు. ఆ అయిదు చుక్కలూ గడ్డి మీదికి ఎక్కాక ఎఫీ మిట్ట దిగి, తరగతి గదిలో బల్ల మీద నిలబడి, గోడ గడియారం అద్దం తెరిచి, ముల్లును వేలితో తోసి తొమ్మిది దగ్గర పెట్టి, బయటికొచ్చి గంట కొడుతుంది.

మళ్లీ సాయంత్రం అంతే. బండ భుజం తడవబోతుందనగా ముల్లు నాలుగు మీదికి వచ్చేది, గంట మోగేది. కొన్ని వారాలు గడియారానికీ సముద్రానికీ రాజీ కుదిరి, అందరి తొమ్మిదీ అందరి నాలుగూ ఒకటే అయ్యేవి. మిగతా వారాల్లో తొమ్మిది ఒకరోజు తెల్లారగట్ల ఏడున్నరకు వచ్చేది, ఇంకోరోజు పదకొండు దాటాక తీరిగ్గా వచ్చేది. తొమ్మిదికీ నాలుక్కీ మధ్య మూడున్నర గంటలే ఉన్న రోజులు కూడా లేకపోలేదు. టొరసే పిల్లలు గడియారం చూడ్డం నేర్చుకున్నది ఆ గడియారం మీదే. పడవరేవు లాఖ్లన్ కొడుకు గ్లాస్గోలో ఓడల కర్మాగారంలో చేరి మొదటి వారమే చీవాట్లు తిన్నాడంటే తప్పు వాడిది కాదు.

దీవిలో నాలుగు సంస్థలు, నాలుగు కాలాలు. పోస్టాఫీసు తంతి తీగ కాలం, చర్చి పాస్టరు గారి జేబు గడియారం కాలం, నర్సమ్మది పురిటినొప్పుల కాలం, బడిది ఎఫీ కాలం. ఎవరి గోల వారిది. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు అలాగే నడిచింది.

అది మొదలైన రోజు ఎఫీకి బాగా గుర్తు. ఊడ్చే పనిలో చేరి రెండో వారం. చలికాలం. మిట్ట మీద నుంచి చూస్తే బండ చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయి, లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు, గడియారం రెండూ పది చూపిస్తోంది. ఆమె ఆలోచించలేదు. తాడు పట్టుకుని లాగేసింది. అప్పటి మేష్టారు మకాస్కిల్ నోట్లో పైపుతో బయటికొచ్చి ఎఫీని చూశాడు, ఇసుకను చూశాడు, మళ్లీ ఎఫీని చూశాడు. "నాలుగైనట్టుందే!" అన్నాడు. లోపలికెళ్లి గడియారాన్ని తనే నాలుక్కి తిప్పాడు. రిజిస్టరులో మాత్రం రోజూ ఒకే మాట రాసేవాడు. తొమ్మిదికి తెరిచితిమి, నాలుగుకు మూసితిమి. ఇన్‌స్పెక్టర్లు వచ్చే రోజును ఆయనే ఉత్తరం రాసి కుదిర్చేవాడు, గడియారం సముద్రం కలిసే వారం చూసి. మకాస్కిల్ మేష్టారు ఉద్యోగ విరమణ చేసి వెళ్లిపోతూ ఎఫీ చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే నేను ఇంత మంచి అబద్ధాలు రాయగలిగేవాణ్ని కాదు" అన్నాడు.

ఆగస్టు చివర్లో కొత్త మేష్టారు వచ్చాడు. పేరు గిలీస్. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ముక్కుసూటి మనిషి, తండ్రి ఇచ్చిపోయిన వెండి గడియారం ఒకటి గొలుసుతో కోటు జేబులో. మొదటిరోజు ఎనిమిదిన్నరకే బడికి వచ్చి కూర్చున్నాడు. తొమ్మిదైంది, పదైంది. టొరసే పిల్లలు గోడ మీద కూర్చుని కాళ్లూపుకుంటున్నారు. పదీ నలభైకి యాభై తొమ్మిదేళ్ల మనిషి ఒకామె తడి బూట్లతో లోపలికొచ్చి, ఆయన కళ్లముందే బల్ల ఎక్కింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తొమ్మిది చేస్తున్నానండి."

గిలీస్ జేబులోంచి గడియారం తీశాడు. "ఇప్పుడు పదీ నలభై."

"మీ దాంట్లోనా? ఉండొచ్చులెండి," అంది ఎఫీ, పట్టణం నుంచి వచ్చినవాళ్ల మీద జాలితో. "వాక్సే పిల్లలు ఇప్పుడే దిగారు. అంటే తొమ్మిదే కదా."

"గడియారం ఎవరి కోసమూ ఆగదమ్మా."

"సముద్రమూ ఆగదండి. రెండిట్లో ఒకదాన్ని తోస్తే కదులుతుంది. అందుకని దాన్ని తోస్తున్నా."

పిల్లలు కిసుక్కున నవ్వారు. గిలీస్ నవ్వలేదు. మధ్యాహ్నం ఆమెను కూర్చోబెట్టి అంతా అడిగాడు. విన్నాడు, రిజిస్టరు తెరిచి ముప్ఫయ్యొక్క ఏళ్ల తొమ్మిదులూ నాలుగులూ చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇదంతా అబద్ధం. ఒక్క పేజీ కూడా నిజం లేదు. కింద సంతకం పెట్టాల్సింది నేను. నా చేత్తో అబద్ధం రాయలేనమ్మా, నాకు చేతకాదు."

"రాయడం సంగతి నాకు తెలీదు మేష్టారూ. నాకు తెలిసింది మోగించడం."

ఆయన మాట ఎగతాళిగా అనలేదని ఎఫీకి తెలుసు. అదే చిక్కు. దొంగ అయితే తిట్టొచ్చు, సోమరి అయితే దెప్పొచ్చు. నిజాయితీపరుణ్ని ఏం చేస్తాం? మర్నాటి నుంచి గడియారం తాళంచెవి మేష్టారి జేబులోకి వెళ్లింది. గంట ఆయన చెప్పినప్పుడే కొట్టాలి. తొమ్మిదంటే తొమ్మిది.

వాక్సే పిల్లలు మాత్రం దారి తెరుచుకున్నప్పుడే వచ్చేవారు. రెక్కలు కట్టుకుని వస్తారా? వచ్చేసరికి ఉదయం హాజరు అయిపోయేది, వాళ్ల పేర్ల ఎదురుగా సున్నాలు పడేవి. వెళ్లేటప్పుడు గిలీస్ వాళ్లను ఆపలేదు, అంత మూర్ఖుడు కాడు. పట్టణం నుంచి అచ్చువేసిన ఆటుపోట్ల పట్టిక తెప్పించుకుని, అందులో రాసిన టైముకి పావుగంట ముందు పంపేవాడు. అప్పుడూ సున్నాలే. మూడు వారాల్లో అయిదు పేర్ల ఎదుట సున్నాలు బారులు తీరాయి.

సెప్టెంబరు మధ్యలో బడి కమిటీ చర్చి పక్క గదిలో కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురు. పాస్టరు గారు, పోస్టాఫీసు రేచల్, పడవరేవు లాఖ్లన్. ఆ గది ఊడ్చేది కూడా ఎఫీయే కాబట్టి, ఊడ్చిన చోటే నాలుగుసార్లు ఊడుస్తూ అంతా విన్నది. పై ఆఫీసు నియమం గిలీస్ చదివి వినిపించాడు. నెలాఖరుకు హాజరు మెరుగుపడకపోతే ఆ అయిదు పేర్లూ బడి పట్టీలోంచి కొట్టేయాలి.

"పసివాళ్లు బాబూ," అంది రేచల్. "ఏదో సర్దుబాటు చెయ్యరాదూ?"

"సర్దుబాటు అంటే ఏమిటో మీరే చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు గిలీస్.

రేచల్ పాస్టరు గారి వంక చూసింది. పాస్టరు గారు అబద్ధమాడకూడదన్న ఆజ్ఞ మీద పోయిన ఆదివారమే గంటసేపు ప్రసంగించాడు కాబట్టి కప్పు వంక చూశాడు. లాఖ్లన్ దగ్గాడు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

"ఎఫీ," అన్నాడు లాఖ్లన్ చివరికి, "ఆ మూల ఇప్పటికే మెరిసిపోతోంది గానీ, నువ్వేమంటావు?"

"నన్నడుగుతారేమిటి? నేను చీపురు పట్టుకోడానికి వచ్చినదాన్ని," అని ఎఫీ తలుపు వేసుకుని బయటికి నడిచింది.

దారంతా ఆమె ఆ అయిదు పేర్లూ వల్లించుకుంది. ఆ అయిదుగురిలో పెద్దది ఊనా, తన అన్న అంగస్ మనవరాలు. పదకొండేళ్ల పిల్ల. పేపరు ముక్క కనిపిస్తే చాలు, చదవకుండా వదలదు. చేపల పొట్లం విప్పినా ముందు పొట్లం చదివి తర్వాత చేప చూస్తుంది. దాని పేరు కొట్టేస్తారట. ఎఫీకి ఇంకేం అక్కర్లేదు ఈ లోకంలో, ఉద్యోగం పోయినా పర్వాలేదు, ఆ అయిదు పేర్లు ఆ పుస్తకంలో ఉండాలి. ఎందుకంటే ఒకసారి ఆ పుస్తకంలోంచి పేరు పోతే ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా దీవిలో ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి ఆమె మొగుడు నీల్‌కి తెలుసు, అన్నకు తెలుసు. మకాస్కిల్ మేష్టారు ముప్ఫయ్యొక్క ఏళ్లూ తెలియనట్టు నటించాడు.

సెప్టెంబరు ఆఖరి వారంలో అమావాస్య పోటు వచ్చింది. నైరుతి గాలి మూడు రోజులుగా వీస్తోంది. ఆ రోజు గిలీస్ పట్టికలో దారి రెండున్నర దాకా తెరిచే ఉంటుందని రాసి ఉంది. ఒంటిగంటన్నరకు ఎఫీ బూడిద పారబోయడానికని బయటికొచ్చి, అలవాటుగా మిట్ట ఎక్కింది.

కమ్మరి బండ భుజం తడిగా ఉంది. గాలి నీటిని ముందుకు తోసుకొస్తోంది. పట్టిక అచ్చువేసినవాడికి గాలి సంగతి ఏం తెలుసు? పట్టణంలో కూర్చుని రాసుంటాడు. ఇంకో ముప్పావుగంట దాకా మేష్టారు వాళ్లను వదలడు, వదిలినప్పుడు వీళ్లు ఎగురుకుంటూ వెళ్తారు, మధ్యలో ఇసుకను చీల్చుకుంటూ లోతుగా పారే కాలువ దగ్గర...

బూడిద తట్ట అక్కడే వదిలేసి ఆమె పరుగెత్తింది. యాభై తొమ్మిదేళ్ల మోకాళ్లు ఎక్కడ తిట్టుకున్నాయో గాని ఆమె వినలేదు. తాడు పట్టుకుని లాగింది. లాగుతూనే ఉంది. ఆ గంట అర్థం వాక్సే పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. అయిదుగురూ పలకలు బల్ల మీదే వదిలి బయటపడ్డారు.

"పరుగెత్తండర్రా! ఊనా, చిన్నవాడి చెయ్యి వదిలావంటే చంపేస్తా! కాలువ దగ్గర ఎడం పక్కగా పొండి!"

"తెలుసు మామ్మా!" అని ఊనా వెనక్కి తిరక్కుండానే అరిచింది.

గిలీస్ గుమ్మంలోకి వచ్చేసరికి వాళ్లు గడ్డి దిగి ఇసుక మీదున్నారు. ఆయన జేబు గడియారం చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఇంకా గంట ఉంది! ఎవరు కొట్టమన్నారు నిన్ను?"

"బండ."

"ఏమిటి?"

"అదిగో, ఆ బండ చెప్పింది కొట్టమని. మీ పుస్తకానికి కళ్లు లేవు మేష్టారూ, నాకున్నాయి."

ఆయన ఎర్రబడ్డాడు. "ఇదిగో చూడు, పద్ధతీ పాడూ లేని చోట నేను బడి నడపలేను. వాళ్లను వెనక్కి తీసుకొస్తాను. నువ్వు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికెళ్లు." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. టోపీ కూడా పెట్టుకోకుండా ఇసుక మీదికి దిగి పిల్లల వెనక నడవసాగాడు.

"మేష్టారూ! వెళ్లకండి! ఒరే నాయనా, ఆగు!" అని ఎఫీ కేకలు పెట్టింది. గాలి ఎదురు, ఆయనకు వినపడలేదు, వినపడినా ఆగేవాడు కాడు.

ఆమె మిట్ట మీద నిలబడి చూసింది. పిల్లలు కాలువ దాటారు, మోకాళ్లలోతు నీళ్లు, చిన్నవాడు ఊనా వీపు మీద. వాళ్లు అవతలి ఇసుక ఎక్కారు. వెనక గిలీస్ కాలువ మధ్యలోకి వచ్చేసరికి నీళ్లు నడుం దాకా వచ్చాయి. ఆగాడు. వెనక్కి తిరిగాడు. వెనక దారి లేదు. ఎఫీ తన శాలువా అంచు నోట్లో కుక్కుకుంది. అవతల ఒడ్డున ఎవరో చేతులు ఊపుతున్నారు, అంగస్ అయుంటాడు, ఎడం పక్కకు రమ్మంటున్నాడు. గిలీస్ ఎడం పక్కకు జరిగాడు, పడ్డాడు, లేచాడు. చివరికి కుడితిలో పడ్డ ఎలుకలా పాక్కుంటూ అవతల తేలాడు. ఎఫీ అక్కడే గడ్డి మీద కూలబడిపోయింది. ఏడ్చింది. భయానికో, కోపానికో, యాభై ఏళ్ల క్రితం దానికో, ఆమెకే తెలీదు.

తర్వాత లేచి, మిగతా పిల్లల్ని ఇళ్లకు పంపించి, గది ఊడ్చి, తాళంచెవులు మేష్టారి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లింది. నీల్ వలలు బాగుచేసుకుంటున్నాడు. "నా ఉద్యోగం పోయింది," అంది.

"మేష్టారో?"

"వాక్సేలో ఉన్నాడు. తడిసి."

"అయితే ముందు ఆరనీ. ఆరాక చూద్దాం," అన్నాడు నీల్. ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి.

మర్నాడు ఉద్యోగం లేకపోయినా ఎఫీ కాళ్లు అలవాటు ప్రకారం మిట్ట మీదికే తీసుకెళ్లాయి. పదకొండుంబావుకు బండ భుజం ఆరింది. అవతల చుక్కలు కదిలాయి. లెక్కపెట్టింది. ఆరు. ఇంకోసారి లెక్కపెట్టింది. ఆరే. ఆరోది పొడుగ్గా ఉంది, అంగస్ పాత స్వెట్టరు తొడుక్కుని ఉంది, అది మోకాళ్ల దాకా వేలాడుతోంది. చంకలో పీటు పెళ్ల ఉంది. వాక్సే ఆడవాళ్లు మేష్టారని ఊరుకుంటారా? బడికి ఎవరొచ్చినా పెళ్లతో రావాలి.

గిలీస్ గడ్డి ఎక్కి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. పెళ్లను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నా గడియారం ఆగిపోయిందమ్మా, ఉప్పునీళ్లు పోయి. టైమెంతయింది?"

ఎఫీ ఆయన వంక చూసింది. ఎకసెక్కం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"మీరు వచ్చారు కదా," అంది. "తొమ్మిది."

ఆయన నవ్వాడు. ఆ దీవికి వచ్చాక మొదటిసారి. "వెళ్లి కొట్టు మరి."

వాక్సేలో ఏం జరిగిందో తర్వాత అంగస్ చెప్పాడు. తడిబట్టలు పొయ్యి దగ్గర ఆరేసి, మేష్టారికి వేడివేడి ఓట్స్ జావ పోసి, రాత్రి పాటు వచ్చినా చీకట్లో ఇసుక మీదికి అడుగు పెట్టనివ్వలేదు. ఎఫీ మీద గిలీస్ ఫిర్యాదు చేస్తుంటే అంగస్ అంతా విని, చుట్ట ఆర్పి, ఒక కథ చెప్పాడట. కథేం కాదు, జరిగినదే.

అంగస్‌కు పన్నెండేళ్లు, ఎఫీకి ఎనిమిది. అప్పుడున్న మేష్టారు గడియారం మనిషి. నాలుగంటే నాలుగు. ఇలాంటి నైరుతి గాలి రోజునే గంట నాలుక్కి కొట్టాడు. అన్నాచెల్లెళ్లు కాలువలోకి దిగేసరికి నీళ్లు అంగస్ రొమ్ము దాకా ఉన్నాయి. చెల్లెల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని నడిచాడు. అవతల ఒడ్డున వాళ్లమ్మ. ఈత రాదు. అయినా నీళ్లలోకి దిగి, అలలు మొహాన కొడుతుంటే, చేతులు చాపి అలాగే నిలబడింది. పిల్లలు ఆమె చేతికందాక ఇద్దర్నీ చెరో చెంప మీద కొట్టి, తర్వాత కావలించుకుని ఏడ్చింది. "చదువూ వద్దు, గిదువూ వద్దు. నా పిల్లలు నాకుంటే చాలు," అంది. అంగస్ ఎలాగూ పెద్దవాడు, పడవ ఎక్కాడు. ఎఫీ ఏడుస్తూ నాలుగు రోజులు పలక పట్టుకుని ఇసుక దాకా వెళ్లి కూర్చుంది. తర్వాత మానేసింది. పెళ్లయి టొరసే వచ్చాక, ఆ బడిలోనే ఊడ్చే పని దొరికింది.

"దానికి అక్షరం ముక్క రాదు మేష్టారూ," అన్నాడట అంగస్. "ఆ గంట తప్ప దానికేం రాదు. దాని జోలికెళ్లకండి."

గిలీస్ అన్నంత పనీ చేసే మనిషి. అబద్ధం రాయనన్నాడు, రాయలేదు. ఆ రోజు నుంచి రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాశాడు. పదకొండుంబావుకు తెరిచితిమి, రెండూ నలభైకి మూసితిమి, కారణము సముద్రము. పై ఆఫీసుకు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. అందులో గాలి, బండ, కాలువ, తన నడుం దాకా వచ్చిన నీళ్లు, అన్నీ. వాక్సే పిల్లల పేర్లు కొట్టేయమంటే తన పేరు కూడా కొట్టేయమన్నాడు. ఆ ఉత్తరం పోస్టు చేసేటప్పుడు రేచల్ దాన్ని చేత్తో తూచి చూసి, "బరువుగానే ఉందిలే," అంది తృప్తిగా.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఎఫీ రోజూ పోస్టాఫీసు గుమ్మం తొక్కింది. నెలాఖరు దాటిపోయింది. పాస్టరు గారు కమిటీ సమావేశాన్ని జలుబని ఒకసారి, చుట్టాలొచ్చారని ఒకసారి వాయిదా వేశాడు. అబద్ధమాడకూడదన్న ఆజ్ఞ దగ్గర ఆయనకూ అంతో ఇంతో ముల్లు తోయడం వచ్చని అప్పుడు తెలిసింది.

ఒక శుక్రవారం ఉత్తరం వచ్చింది. వారానికి ఉండవలసిన గంటలు మొత్తం మీద నిండితే, బడి ఏ వేళ తెరిచినా అభ్యంతరం లేదన్నారు. తగ్గిన గంటలు శనివారాల్లో పూర్తి చేయాలి. అయిదు పేర్లూ ఉంటాయి. శనివారం బడి అనగానే దీవిలోని పిల్లలంతా ఎఫీని నోరారా తిట్టుకున్నారు. "చెయ్యాల్సిందంతా చేసి మా నెత్తిన పెట్టింది ముసలిది!" అని గోడ అవతల ఎవరో అంటే ఎఫీ విని, సంతోషంగా చీపురు ఆడించింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక గిలీస్ ఆమెను పిలిచాడు. గోడ గడియారం సరైన టైము చూపిస్తోంది. "ఇక దీన్ని తిప్పక్కర్లేదమ్మా. దాని దారిన దాన్ని పోనీ. గంట మాత్రం నీది. నేను అడగను."

ఎఫీ తలూపింది. లోపల ఎక్కడో చిన్న బెంగ. ఇకనుంచి తొమ్మిది ఆమె చెయ్యనక్కర్లేదు, దానంతటది వచ్చేస్తుంది.

"ఇంకో సంగతి." ఆయన అలమర తెరిచి అడుగునుంచి ఒక పాత రిజిస్టరు తీశాడు. తోలు అట్ట, మూలలు చిరిగినవి. ఎఫీకి అది తెలుసు. ప్రతి శనివారం దాని దుమ్ము దులిపేది, ముప్ఫయ్యొక్క ఏళ్లుగా. లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు, చూసినా తెలిసేది కాదు.

"అంగస్ చెప్పిన రోజు నుంచీ వెతుకుతున్నాను. నిన్న దొరికింది. నీ పేరుంది ఇందులో."

"నా పేరా?"

"చదవనా?"

ఆమె చేతులు దులుపుకుని దగ్గరికొచ్చింది. ఆయన వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. "ఎఫీ. వాక్సే. వయసు ఎనిమిది. బడి మానిన కారణం..." ఆగాడు. "తల్లి అశ్రద్ధ."

గదిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"మళ్లీ చదవండి," అంది ఎఫీ.

మళ్లీ చదివాడు.

"అశ్రద్ధ అంటే? పట్టించుకోకపోవడమా?"

"అవునమ్మా."

ఎఫీ బెంచీ మీద కూర్చుంది. పిల్లల బెంచీ, మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. "మా అమ్మకు ఈత రాదయ్యా," అంది. "పీక దాకా నీళ్లలో నిలబడింది. నేను అన్న భుజాల మీద నుంచి చూశాను. అల వచ్చినప్పుడల్లా తల మునిగిపోయేది, మళ్లీ పైకి వచ్చేది, చేతులు మాత్రం దించలేదు. పోయేదాకా నాతో అనేది, ‘నీకు చదువు లేకుండా చేశానే’ అని. ఈ పుస్తకం దుమ్ము దులిపింది నేను. ఇన్నేళ్లూ. మా అమ్మను తిట్టిన పుస్తకాన్ని." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

గిలీస్ ఎర్ర సిరా బుడ్డి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కలం ముంచాడు.

"రిజిస్టరులో అబద్ధం ఉండటానికి వీల్లేదు," అన్నాడు. ఇలాంటి మాటే ఆయన వచ్చిన మొదటిరోజు కూడా అన్నాడు. ఆ రెండు మాటల మీద అడ్డంగా గీత గీశాడు. "ఏమని రాయను? నువ్వే చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, కింద సంతకం పెడతాను."

ఎఫీ కిటికీలోంచి చూసింది. మేష్టారు సముద్రం అని రాస్తాడనుకుంది, అంగస్ అయితే గాలి అంటాడు. సముద్రం ఏం చేసింది పాపం? దాని వేళకది వచ్చింది.

"గంట ఆలస్యంగా కొట్టారు," అంది. "అని రాయండి."

ఆయన తల వంచుకుని రాశాడు. తేదీ వేశాడు, సంతకం పెట్టాడు, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. ఎర్ర అక్షరాలు ఇంకా తడిగా ఉన్నాయి. ఎఫీ వంగి, అవి ఆరేదాకా చూస్తూ కూర్చుంది.

మర్నాడు శనివారం. బండ భుజం ఇంకా పొడిగానే ఉంది. అయినా ఎఫీ మిట్ట దిగి, ఆ రోజుకు బడి వదిలే గంటను పది నిమిషాలు ముందే కొట్టేసింది. గిలీస్ కిటికీలోంచి ఆమెను చూశాడు, గోడ గడియారాన్ని చూశాడు, ఏమీ అనకుండా కూర్చుని రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.